విప్పి కొలవకుండా ఇంజిన్‌కు తీర్పు చెప్పొద్దు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో చిక్కుకున్న రోజు. ఆ కాలనీల్లో ఒకదానిలోనే మా బాబాయి ఇల్లు. వీధి మొదట్లో నీళ్లు కనిపించగానే ఆయన తన ఏడేళ్ల పెట్రోలు కారును ఎత్తైన చోటికి చేర్చుదామని బయటికి తీశాడు. వంద గజాలు వెళ్లాడో లేదో, బంపరు దాటిన నీళ్లలో టక్కుమని శబ్దం వచ్చి ఇంజిన్ ఆగిపోయింది. పక్కింటాయన కారు మాత్రం ఇంటి ముందే నిలిపి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నీళ్లు బానెట్ దాకా వచ్చి కొన్ని రోజులు అలాగే నిలిచాయి.

నీళ్లు తీశాక రెండు కార్లూ ఒకే వర్క్‌షాపుకు వెళ్లాయి. రెండింటికీ ఒకే ఎస్టిమేట్ వచ్చింది: ఇంజిన్ పోయింది, కొత్తది వేయాలి. అక్కడ బానెట్ ఎత్తి చూశారు, డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూశారు. అంతే. ఒక్క స్పార్క్ ప్లగ్ కూడా విప్పలేదు. ఒక్క కొలతా తీసుకోలేదు.

ఒకటి నడుస్తూ నీళ్లు మింగిన ఇంజిన్. ఇంకొకటి నిలిచి ఉండగా మునిగిన ఇంజిన్. రెండింటికీ జరిగింది వేర్వేరు ప్రమాదం. అయినా తీర్పు ఒక్కటే వచ్చిందంటే అది ఇంజిన్‌ను చూసి చెప్పింది కాదు, అలవాటు కొద్దీ చెప్పింది. బాగు చేయించాలా, మార్చాలా అన్న ప్రశ్నకు జవాబు మెకానిక్ అనుభవంలోనో, యజమాని భయంలోనో, బీమా కంపెనీ లెక్కలోనో దొరకదు. అది ఇంజిన్ లోపల, మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. దాన్ని కొలిచాకే మిగతావాళ్లు మాట్లాడాలన్నది నా వాదన.

రెండు చెంచాల నీళ్లు చాలు

ఇంజిన్ సిలిండర్లో పిస్టన్ పైకి వస్తూ గాలినీ ఇంధనాన్నీ నొక్కుతుంది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది. నీళ్లు నొక్కుకోవు. నీటి పరిమాణాన్ని ఒక్క శాతం తగ్గించాలన్నా వాతావరణ పీడనానికి రెండు వందల రెట్లకు పైగా పీడనం కావాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లుంటే ఒక్కోదానికి 300 సీసీ వస్తుంది. కంప్రెషన్ నిష్పత్తి 10 అనుకుంటే, పిస్టన్ పై అంచుకు చేరినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీ సుమారు 33 సీసీ. అంటే రెండు పెద్ద చెంచాల నీళ్లు. అంతకంటే ఎక్కువ నీరు చేరితే పిస్టన్ పైదాకా రాలేదు. డీజిల్ ఇంజిన్‌లో ఈ నిష్పత్తి 16, 17 దాకా ఉంటుంది కాబట్టి అదే పరిమాణం సిలిండర్లో ఖాళీ 20 సీసీ లోపే. అక్కడ ఒకటిన్నర చెంచా సరిపోతుంది.

ఇంజిన్ నిమిషానికి 2,000 సార్లు తిరుగుతుంటే పిస్టన్ కింది నుంచి పైకి రావడానికి పట్టే సమయం 15 మిల్లీసెకన్లు. ఆ వేగంలో నీళ్లు అడ్డుపడితే, తిరుగుతున్న ఫ్లైవీల్ బరువంతా వెనక నుంచి తోస్తూనే ఉంటుంది. ముందు నీళ్లు తగ్గవు, వెనక ఫ్లైవీల్ ఆగదు. మధ్యలో నలిగేది పిస్టన్‌నూ క్రాంక్ షాఫ్ట్‌నూ కలిపే కనెక్టింగ్ రాడ్. అది వంగుతుంది. తీవ్రత ఎక్కువైతే విరిగి, ఇంజిన్ బ్లాక్ గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. మెకానిక్‌లు దీన్ని హైడ్రోలాక్ అంటారు.

నిలిచి ఉన్న కారులో ఈ తోపు ఉండదు. నీళ్లు ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్లోకి చేరినా, పిస్టన్ కదలడం లేదు కాబట్టి రాడ్ వంగే ప్రశ్నే లేదు. అక్కడ శత్రువులు వేరు: తుప్పు, బురద. అంటే మునిగిన కారు యజమాని చేయగలిగిన అతి పెద్ద మేలు ఏమీ చేయకపోవడం. "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడు" అన్న పక్కవాళ్ల సలహా, నిలిచి మునిగిన ఇంజిన్‌ను నడుస్తూ మునిగిన ఇంజిన్‌గా మార్చేస్తుంది. తాళం చెవి తిప్పకుండా, బ్యాటరీ తీగ తీసేసి, బండిని లాగించుకుని వెళ్లడమే సరైన పని.

రెండు రకాల పొరపాట్లు

వర్క్‌షాపుల్లో సాధారణంగా వినిపించే మాటలు రెండు. మొదటిది, "మార్చేయండి సార్, తలనొప్పి ఉండదు." దీనివల్ల మంచి ఇంజిన్ తుక్కులోకి పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. "నీళ్లు తీసేశాం, ఆయిల్ మార్చాం, స్టార్టయింది, తీసుకెళ్లండి." ఇది వినడానికి హాయిగా ఉంటుంది, కానీ మొదటిదానికంటే ప్రమాదకరం. ఒక మిల్లీమీటరు వంగిన రాడ్‌తో ఇంజిన్ స్టార్టవుతుంది. నడుస్తుంది కూడా. ఐడిలింగ్‌లో కాస్త వణుకు తప్ప తేడా తెలియదు. కానీ వంగిన రాడ్ పిస్టన్‌ను సిలిండర్ గోడకు ఓరగా తోస్తుంది, బేరింగ్‌ను ఒక అంచున నొక్కుతుంది. వారాల తర్వాతో, నెలల తర్వాతో జాతీయ రహదారి మీద వేగంగా వెళ్తుండగా అది విరగవచ్చు. అప్పుడు బాగుచేయడానికి బ్లాక్ మిగలదు.

వైద్యంలో రోగ నిర్ధారణ పరీక్షకు రెండు తప్పులుంటాయి: లేని జబ్బు ఉందనడం, ఉన్న జబ్బు లేదనడం. ఇంజిన్ విషయంలోనూ అంతే. స్టార్టవడం, స్టార్టవకపోవడం అనేవి పరీక్షలే కావు. చెడిపోయిన ఇంజిన్ స్టార్టవచ్చు, ఏ లోపమూ లేని ఇంజిన్ తడిసిన సెన్సార్ వల్ల మొరాయించవచ్చు.

మరి పరీక్ష అంటే ఏమిటి?

ఇంజిన్ విప్పకముందే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ షాఫ్ట్‌ను స్పానర్‌తో చేత్తో నెమ్మదిగా తిప్పితే నీళ్లు ప్లగ్గు రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి. పూర్తి చుట్టు తిరగకుండా ఎక్కడైనా పట్టేస్తే అదే మొదటి సమాచారం. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే అందులో నీళ్లు చేరాయని అర్థం.

తర్వాత కంప్రెషన్ పరీక్ష. ప్లగ్గు స్థానంలో గేజ్ బిగించి ఒక్కో సిలిండర్ ఎంత పీడనం పుట్టిస్తోందో చూస్తారు. ఇక్కడ అంకె కంటే అంకెల మధ్య తేడా ముఖ్యం. నాలుగూ ఒకదానికొకటి 10 నుంచి 15 శాతం లోపు ఉంటే సాధారణంగా పరవాలేదు. వంగిన రాడ్ ఈ పరీక్షలో ఎలా బయటపడుతుందో చూడండి. రాడ్ ఒక మిల్లీమీటరు కురచైతే పిస్టన్ అంతమేర కిందే ఆగిపోతుంది. సిలిండర్ వ్యాసం 73 మి.మీ. అనుకుంటే నెత్తిన ఖాళీ 33 సీసీ నుంచి 37 సీసీకి పెరుగుతుంది. కంప్రెషన్ నిష్పత్తి 10 నుంచి 9కి పడిపోతుంది. గేజ్ మీద ఆ తేడా పది శాతానికి పైనే కనిపిస్తుంది. కంటికి కనిపించని వంపును పీడనం పట్టిస్తుంది.

ఒక సిలిండర్లో పీడనం తగ్గితే అది రాడ్ వల్లేనా అన్నది తర్వాతి ప్రశ్న. సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. పీడనం పెరిగితే ఆయిల్ సందులు మూసిందన్నమాట, లోపం పిస్టన్ రింగుల దగ్గర. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గాస్కెట్‌నో, రాడ్‌నో అనుమానించాలి. ఇంకో పరీక్షలో సిలిండర్లోకి గాలి ఎక్కించి అది ఎక్కణ్ణుంచి కారుతోందో వింటారు. సైలెన్సర్‌లో శబ్దం వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు, రేడియేటర్లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్. ఎక్కడా కారకుండా పీడనం మాత్రమే తక్కువుంటే వేలు రాడ్ వైపు చూపిస్తుంది. పిస్టన్ ఎంత ఎత్తుకు వస్తోందో డయల్ గేజ్‌తో కొలిస్తే ఆ అనుమానం కూడా తీరిపోతుంది.

వీటిలో ఏ పరీక్షకూ ఇంజిన్ కిందికి దించక్కర్లేదు. ఒక పూట పని.

విప్పాక మైక్రోమీటర్, బోర్ గేజ్ రంగంలోకి వస్తాయి. సిలిండర్ ఎంత అరిగింది, గుండ్రంగా ఉందా లేక కోడిగుడ్డులా సాగిందా, పైన ఒక వ్యాసం, కింద ఒక వ్యాసం ఉందా అని చూస్తారు. క్రాంక్ షాఫ్ట్ బేరింగ్ కూర్చునే చోట్లను కొలుస్తారు. హెడ్ చదునుగా ఉందో లేదో స్కేలు ఆనించి, కింద పలుచని రేకులు దూర్చి చూస్తారు. ప్రతి కొలతకూ తయారీదారు ఇచ్చిన పరిమితి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా పరిమితులు 0.05 మి.మీ. పరిసరాల్లో ఉంటాయి. అది మన తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఇంత చిన్న తేడాల మీద ఆధారపడిన విషయాన్ని బానెట్ ఎత్తి చూసి ఎవరైనా ఎలా చెప్పగలరు?

పోయేది గ్రాముల్లో

ఇంజిన్ అరిగిపోవడం అంటే నిజంగా ఎంత లోహం పోతుంది? ఇదీ లెక్క వేయొచ్చు. 73 మి.మీ. వ్యాసం, పిస్టన్ తిరుగాడే ఎత్తు 70 మి.మీ. ఉన్న సిలిండర్ అంతా సమానంగా అరిగి వ్యాసం 0.1 మి.మీ. పెరిగిందనుకుందాం. అప్పటికే చాలా ఇంజిన్లలో బోరింగ్ గురించి ఆలోచించాల్సి వస్తుంది. ఆ సిలిండర్ గోడ నుంచి పోయిన పోత ఇనుము ఆరు గ్రాముల లోపు. నాలుగు సిలిండర్లు కలిపినా 25 గ్రాములు దాటదు.

సుమారు వంద కిలోల ఇంజిన్‌లో 25 గ్రాములు పోయాయని మిగతా అంతా పారేస్తున్నామంటే కాసేపు ఆగి ఆలోచించాలి. పారేసిన బ్లాక్ తుక్కు కొలిమిలో కరిగి లోహంగా తిరిగి వస్తుంది, నిజమే. కానీ దాన్ని పోత పోసి, చెక్కి, వందో వంతు మిల్లీమీటరు దాకా తీర్చిదిద్దిన పనితనం, ఆ పనికి ఖర్చయిన శక్తి తిరిగి రావు. పాత బ్లాక్‌ను బాగుచేసి వాడుకుంటే లోహంతో పాటు ఆ పనితనమూ దక్కుతుంది.

ఇంజిన్‌ను రూపొందించినవాళ్లకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. అందుకే సిలిండర్‌ను 0.25 మి.మీ. లేదా 0.50 మి.మీ. పెద్దది చేసి, ఆ కొలతకు తగ్గ పిస్టన్ వేసుకునే ఏర్పాటు పెట్టారు. క్రాంక్ షాఫ్ట్‌ను గ్రైండింగ్ చేసి అంతే మేర మందమైన బేరింగులు వేసుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల ఇంజిన్లకు దశాబ్దాలుగా చేస్తున్న పని ఇదే. "ఇంజిన్ బోరుకొచ్చింది" అన్న మాట మన డ్రైవర్ల నోట అలవోకగా వస్తుంది. బోరుకొచ్చిందంటే చచ్చిపోయిందని కాదు, లేత్ షాపుకు తీసుకెళ్లే వేళయిందని. లారీ యజమానులకు మామూలైన ఈ ఆలోచన కారు యజమానుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మాయమవుతోంది.

మార్చడమే సరైనప్పుడు

ఇంత చెప్పానని ప్రతి ఇంజిన్‌నూ బాగుచేయవచ్చని నా ఉద్దేశం కాదు. అది కూడా కొలవకుండా చెప్పిన తీర్పే అవుతుంది.

రాడ్ బ్లాక్ గోడను పగలగొట్టి ఉంటే, నీటి దారులున్న చోట బ్లాక్ చీలి ఉంటే, క్రాంక్ షాఫ్ట్ పరిమితి దాటి వంగి ఉంటే చర్చ అక్కడితో ముగిసింది. కొన్ని కొత్త తరం అల్యూమినియం ఇంజిన్లలో సిలిండర్ లోపల ఇనుప స్లీవ్ ఉండదు, గట్టి లోహపు పలుచని పూత మాత్రమే ఉంటుంది. దాన్ని మామూలు బోరింగ్‌కు ఇవ్వడానికి వీల్లేదు. కొన్ని మోడళ్లకు పెద్ద సైజు పిస్టన్లు కంపెనీయే అమ్మదు. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగేలా తయారవుతాయి, వాటిని మళ్లీ వాడకూడదు. ఇవేవీ తెలియని చోట పాత పద్ధతిలో చేసిన రిపేరు కొత్త ఇంజిన్ కంటే ఖరీదవుతుంది.

నీళ్లు డాష్‌బోర్డు దాటి పైకి వచ్చిన కారులో ఇంజిన్ అసలు రెండో ప్రశ్న. వైరింగ్, ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల ఎలక్ట్రానిక్స్ తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. ఇంజిన్ మీద డబ్బు పోసేముందు వాటి సంగతి తేల్చుకోవాలి. కారు వయసూ లెక్కలోకి వస్తుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, తర్వాత ఫిట్‌నెస్ పరీక్షతో పునరుద్ధరించుకోవాలి. పద్నాలుగో ఏట ఇంజిన్ మీద పెట్టే లక్షకూ, ఐదో ఏట పెట్టే లక్షకూ విలువ ఒకటి కాదు.

మార్చడం అన్న మాటలోనూ మెట్లున్నాయి. మొత్తం ఇంజిన్ మార్చవచ్చు. హెడ్ బాగుంటే కింది సగం మాత్రమే మార్చవచ్చు. తుక్కు మార్కెట్లో దొరికే పాత ఇంజిన్ వేయవచ్చు. ఈ మూడోదాని దగ్గర జాగ్రత్త. ధర చూస్తే ఆశ పుడుతుంది. కానీ ఆ ఇంజిన్ లోపలి కొలతలు ఎవరికీ తెలియవు. మన దగ్గరున్న తెలియని సమస్యను ఇచ్చి, ఇంకొకరి దగ్గరున్న తెలియని సమస్యను కొనుక్కోవడం అది. పైగా ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. వేరే ఇంజిన్ వేస్తే రవాణా కార్యాలయంలో ఆ మార్పు నమోదు చేయించాలి, బీమా కంపెనీకి తెలియజేయాలి. ఆ ఇంజిన్ ఎవరిదో, ఎలా వచ్చిందో చూపే కాగితం లేకపోతే దొంగ బండి చిక్కు మన మెడకు చుట్టుకుంటుంది. బీఎస్-6 కారులో అంతకుముందు ప్రమాణాల ఇంజిన్ బిగించడం ఉద్గారాల పరంగానూ, కంప్యూటర్ నియంత్రణ పరంగానూ కుదరదు.

ఊహ ఖరీదు

కొలత లేని ఎస్టిమేట్ జేబు మీద ఎలా పడుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. కారు బీమా విలువ 3 లక్షలు. సీట్లు, వైరింగ్ వగైరాకు 60 వేలు. కొత్త ఇంజిన్ 1 లక్షా 80 వేలు. మొత్తం 2 లక్షల 40 వేలు, అంటే బీమా విలువలో 80 శాతం. మన మోటారు బీమా నియమం ప్రకారం రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే ఆ బండిని పూర్తి నష్టం కింద పరిగణిస్తారు. అదే ఇంజిన్ 65 వేలతో బాగుపడేదయితే మొత్తం 1 లక్షా 25 వేలు, 42 శాతం కూడా దాటదు. ఒకే కారు. ఊహ మీద అయితే తుక్కుకు, కొలత మీద అయితే రోడ్డుకు. పూర్తి నష్టం కింద డబ్బు చేతికి రావడం కొందరు యజమానులకు మేలే కావచ్చు. నేను కాదనను. కానీ ఆ నిర్ణయం నిజమైన అంకె మీద జరగాలి.

బీమా ఉన్నా మొత్తం వస్తుందనుకోవద్దు. ప్రామాణిక తరుగుదల పట్టిక ప్రకారం 5 నుంచి 10 ఏళ్ల మధ్య వయసున్న కారు లోహ భాగాల మీద 40 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీద 50 శాతం కోత పడుతుంది. జీరో డెప్ పాలసీ లేకపోతే కొత్త ఇంజిన్ ఖరీదులో పెద్ద ముక్క యజమానే భరించాలి. ఇంకా ముఖ్యమైనది, వరద సమగ్ర పాలసీ పరిధిలోకి వచ్చినా, నీళ్లలో ఇంజిన్ స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని పర్యవసాన నష్టం అని చాలా కంపెనీలు తిరస్కరిస్తాయి. దానికి ఇంజిన్ రక్షణ పేరుతో వేరే అదనపు కవర్ తీసుకోవాలి. వానాకాలం ముందు పాలసీ కాగితంలో వెతకాల్సిన మాట అదే.

అయినా ఎక్కువమంది కొలతల దాకా ఎందుకు వెళ్లరు? విప్పే కూలీ దండగ అనుకుంటారు. బాగుచేయడానికి వీల్లేదని తేలితే ఆ డబ్బు నీళ్లపాలని భయం. నిజానికి ఆ డబ్బుతో మనం కొనేది రిపేరు కాదు, సమాచారం. లక్షా ఎనభై వేల నిర్ణయాన్ని కొన్ని వేలతో సరిచూసుకోవడం దండగ ఎలా అవుతుంది?

ఎవరు ఏం చేయాలి

వర్క్‌షాపులు పరీక్ష ఖర్చునూ, రిపేరు ఖర్చునూ వేర్వేరుగా చెప్పాలి. ఇంజిన్ మార్చాలని చెప్పే ప్రతి ఎస్టిమేట్‌తోనూ ఒక కాగితం జతచేయాలి: నాలుగు సిలిండర్ల పీడనం, విప్పి ఉంటే కొలతలు, పక్కనే తయారీదారు పరిమితి. రక్త పరీక్ష రిపోర్టులో మన అంకె పక్కన ఉండాల్సిన అంకె ఉన్నట్టే. అది చూస్తే ఇంజినీరింగ్ చదవని మనిషికి కూడా విషయం అర్థమవుతుంది. ఇంకో చోట చూపించుకోవడానికీ పనికొస్తుంది.

బీమా కంపెనీలు చేయాల్సింది ఇంకా అత్యవసరం. వరద తర్వాత సర్వేయర్ రావడానికి రోజులు పడుతుంది. అంతవరకు బండిని ముట్టుకుంటే క్లెయిము పోతుందేమోనని యజమాని భయపడతాడు. ఈలోగా సిలిండర్లో నిలిచిన నీళ్లు పోత ఇనుమును తింటూనే ఉంటాయి. వరద నీటితో వచ్చిన ఇసుక రేణువులు బేరింగ్ లోహం కంటే ఎన్నో రెట్లు గట్టివి. ప్లగ్గులు తీసి నీళ్లు వంపడం, సిలిండర్లలో ఆయిల్ పోయడం, పాత ఆయిల్ తీసేయడం, ఫొటోలు తీసి పెట్టడం: ఈ ప్రథమ చికిత్సకు సర్వేయర్ రాకముందే అనుమతి ఉందని పాలసీలోనే స్పష్టంగా రాయాలి. అలా చేస్తే కంపెనీలకు కట్టాల్సిన పరిహారం కూడా తగ్గుతుంది.

కార్ల కంపెనీలు పరిమితుల పట్టికలను, పెద్ద సైజు భాగాలను బయటి గ్యారేజీలకూ అందుబాటులో ఉంచాలి. ఇది కొత్త కోరిక కాదు. విడిభాగాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు ఆ ఉత్తర్వును పై స్థాయిలో సవాలు చేశాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం ఒక కమిటీ వేసి నాలుగు రంగాలను గుర్తించింది. వాటిలో ఆటోమొబైల్ ఒకటి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా మొదలైంది. ఆ ప్రయత్నం వినియోగదారుల మాన్యువల్ దగ్గరా, కస్టమర్ కేర్ నంబరు దగ్గరా ఆగకూడదు. సిలిండర్ అరుగుదల పరిమితి ఎంతో ఆటోనగర్ మెకానిక్‌కు తెలిసినప్పుడే మరమ్మతు హక్కుకు అర్థం.

రెండు కార్ల సంగతి

బాబాయి మొదటి ఎస్టిమేట్ పట్టుకుని ఆటోనగర్ వెళ్లాడు. అక్కడ ముందు ప్లగ్గులు విప్పారు. మూడు సిలిండర్లలో పీడనం 172, 175, 176 పీఎస్ఐ. నాలుగోదానిలో 150. విప్పి చూస్తే ఒకే ఒక్క రాడ్ వంగి ఉంది. సిలిండర్లు, క్రాంక్ షాఫ్ట్ పరిమితి లోపే ఉన్నాయి. రాడ్, పిస్టన్, రింగులు, బేరింగులు, గాస్కెట్లు మార్చారు. కొత్త ఇంజిన్ ధరలో మూడో వంతు అయింది. కారు ఇప్పటికీ తిరుగుతోంది.

పక్కింటాయన కారు తేలిగ్గా బాగవుతుందని నేను ఆయనకు ధైర్యం చెప్పాను. నిలిచి మునిగింది కాబట్టి రాడ్ వంగదన్నది నా లెక్క. రాడ్ వంగలేదు, నిజమే. కానీ క్లెయిము తేలేదాకా ముట్టుకోకూడదని ఆయన నెలకు పైగా ఆగాడు. విప్పేసరికి రెండు సిలిండర్లలో తుప్పు గుంటలు పడ్డాయి. బోరింగ్ పరిమితికి మించి లోతుగా ఉన్నాయి. ఆ మోడల్‌కు పెద్ద సైజు పిస్టన్లు దొరకలేదు. చివరికి హెడ్ ఉంచుకుని కింది సగం కొత్తది వేయించాల్సి వచ్చింది.

వర్క్‌షాపు వాళ్లలాగే నేనూ కొలవకుండానే తీర్పు చెప్పాను, నాదీ తప్పింది. ఆయన ఇంకా నవ్వుతూ గుర్తు చేస్తుంటాడు. బాబాయి మాత్రం ఆ నాలుగు అంకెలు రాసిన కాగితాన్ని ఆర్‌సీ పక్కన కారులోనే పెట్టుకున్నాడు. ఎవరైనా ఇంజిన్ పోయిందంటే, ముందు ఇలాంటి కాగితం ఒకటి అడగమంటాడు.